జపాన్ నుంచి ఇంటికి వెళ్తున్నారా? ఎవరికి ఏం కొనాలో ఇలా తేల్చుకోండి

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నా, చదువుకుంటున్నా, ఊరికే చూసి రావడానికి వెళ్ళినా, తిరుగు ప్రయాణం దగ్గర పడేసరికి అందరికీ ఒకటే టెన్షన్: ఇంటికి ఏం తీసుకెళ్ళాలి? చివరి రోజు సాయంత్రం డాన్ కిహోతే లాంటి పెద్ద కొట్టులోకి పరుగెత్తి, బుట్ట నిండా రంగురంగుల కిట్‌క్యాట్ పాకెట్లు వేసుకుని బయటపడేవాళ్ళే ఎక్కువ. అందులో తప్పేం లేదు. కాకపోతే అక్కడ ఏది ఫేమస్ అని చూసి కొన్నవాటిలో సగం మన ఇళ్ళలో అద్దాల బీరువా ఎక్కి కూర్చుంటాయి. ఇంట్లో ఎవరు, ఏ పూట, ఎలా వాడతారో ముందు ఆలోచించి కొంటే అదే డబ్బుకి రోజూ చేతిలో ఉండే వస్తువులు వస్తాయి. అందుకే ఈ వరుసలో వెళ్ళండి.

1. ముందు మనుషుల జాబితా రాయండి

కాగితం మీద పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన వాళ్ళు రోజూ చేసే పని ఒకటి రాయండి. నాన్న పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారు. అమ్మ మధ్యాహ్నం ఎండలో బ్యాంకుకో బజారుకో వెళ్తుంది. అమ్మమ్మ పూజ గదిలో గంటసేపు కూర్చుంటుంది. మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఈ ఒక్క ముక్క రాసేసరికే ఏం కొనాలో సగం తెలిసిపోతుంది.

తర్వాత జాబితాని మూడు ముక్కలు చేయండి: ఇంట్లోవాళ్ళు, దగ్గరి బంధువులు, లెక్కలోకి రానివాళ్ళు. ఈ మూడోవాళ్ళే అసలు సమస్య. పక్కింటి ఆంటీ, వాచ్‌మన్, పనిచేసే అమ్మాయి, నాన్నగారి వాకింగ్ స్నేహితులు, మీరు వచ్చారని తెలిసి చూడ్డానికి వచ్చే చుట్టాలు. వీళ్ళ కోసం విడివిడిగా బుర్ర పాడుచేసుకోకండి. ఊరెళ్ళి వస్తే ఆఫీసులో అందరికీ తలా ఒకటి పంచడం జపాన్‌వాళ్ళ ఆనవాయితీ కాబట్టి, అక్కడి స్వీట్ల డబ్బాలన్నీ ఆ లెక్కలోనే తయారవుతాయి. ఒక్కో ముక్కకీ విడిగా కవరు ఉంటుంది, లోపల ఎన్ని ఉన్నాయో డబ్బా మీదే అంకె ఉంటుంది. అలాంటి పెద్ద డబ్బాలు రెండు మూడు తీసుకుంటే మూడో జాబితా పూర్తయినట్టే. మిగిలిన బడ్జెట్ మొదటి రెండింటికీ పెట్టండి.

2. ఏవి కొనకూడదో ముందే తేల్చేయండి

కరెంటుతో మొదలుపెడదాం. జపాన్‌లో ఇళ్ళకి వచ్చేది 100 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి రైస్ కుక్కర్ గానీ హెయిర్ డ్రయ్యర్ గానీ నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోవడమే. ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, కానీ కుక్కర్‌కి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత బరువు ఉంటుంది, నెల తిరక్కుండా రెండూ అటక మీదికి చేరతాయి. కుక్కర్ కొనితీరాల్సిందే అనుకుంటే పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లో టూరిస్టుల కోసం విడిగా పెట్టిన 220 వోల్టుల మోడళ్ళే చూడండి. చార్జర్‌తో నడిచే వస్తువైతే ఆ చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూస్తే చాలు. ఉంటే భయం లేదు.

తర్వాత భాష. మేనల్లుడు నింటెండో స్విచ్ 2 అడిగాడనుకోండి. జపాన్‌లో తక్కువ ధరకి అమ్మే మోడల్ జపనీస్ భాషలోనే పనిచేస్తుంది, జపాన్ అకౌంటుకి మాత్రమే ముడిపడుతుంది. అక్కడ అమ్మే సోనీ కెమెరాల్లో కూడా చాలావాటికి మెనూ జపనీస్‌లో తప్ప మరో భాషలో రాదు. ధర చూసి మురిసిపోయే ముందు భాష మార్చుకునే వీలుందా అని షాపులోనే అడగండి. గ్యారంటీ కూడా తరచు జపాన్ వరకే చెల్లుతుంది.

మాంసం కలిసినవి ఏవీ వద్దు. రామెన్ కప్పులు, నూడుల్స్ పాకెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి సూపులో పంది, గొడ్డు మాంసాల సారం కలవడం మామూలే. ఇంట్లో గొడవ సంగతి అలా ఉంచి, మన కస్టమ్స్ దగ్గరా చిక్కే. దీపావళికి బాగుంటాయి కదా అని సెన్కో హనబి కాకరపువ్వొత్తులు కొంటారు కొందరు. బాణసంచా ఏ రకమైనా విమానంలో ఎక్కనివ్వరు, చేతి సంచిలోనూ కాదు, లగేజీలోనూ కాదు.

ఇక్కడ దొరికేవాటి కోసం మోయడం కూడా దండగే. యూనిక్లో షాపులు ఢిల్లీలో, ముంబైలో ఉన్నాయి. మినిసో అసలు జపాన్ కంపెనీయే కాదు, చైనాది.

3. తినేవాటికి లేబుల్ చదవండి

మన ఇళ్ళలో శాకాహారులు ఎవరో ఒకరు ఉంటారు. కొందరు గుడ్డు తినరు, కొందరు శనివారం తినరు. జపాన్ ప్యాకెట్ల మీద మన దగ్గరి పచ్చ చుక్క, ఎర్ర చుక్కల్లాంటి గుర్తులు లేవు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్ తెరిచి, వెనకవైపు పదార్థాల జాబితా చూడటమే మార్గం. అందులో పట్టుకోవాల్సినవి కొన్నే. జెలటిన్ ఉంటే అది సాధారణంగా పందిదో ఆవుదో అయి ఉంటుంది. గమ్మీలు, మార్ష్‌మెలోలు, హైచూ లాంటి సాగే చాక్లెట్లలో అది ఉంటుంది. పిండివంటల్లో పంది కొవ్వు వాడే అవకాశం ఉంది. కారపు తినుబండారాల్లో ఎండు చేప సారం కలుస్తుంది, పైకి ఉత్త సోయా సాస్ రుచిలా అనిపిస్తుంది. ఖరీదైన చాక్లెట్లలో కొన్నిటికి మద్యం కలుపుతారు. రాయిస్ వారి పేరున్న నమా చాక్లెట్‌లో చాలా రకాలకి మద్యం ఉంటుంది, పైగా అది 10 డిగ్రీల లోపు చల్లదనంలో ఉండాలి. సాకే రుచి కిట్‌క్యాట్‌లో నిజంగానే సాకే (బియ్యపు మద్యం) పొడి ఉంటుంది, పిల్లల బుట్టలో వేసే ముందు చూసుకోండి.

షాపులో అడగడానికి ఒక వాక్యం నేర్చుకుంటే చాలు: "బుతా నికు వా హాయిత్తె ఇమస్ కా?" పంది మాంసం కలిసిందా అని. బుతా బదులు గ్యూ అంటే గొడ్డు మాంసం. బుతా నికు తీసేసి ఆ చోట తమాగో అంటే గుడ్డు, జెరాచిన్ అంటే జెలటిన్. అమ్మేవాళ్ళు విసుక్కోరు, డబ్బా తిప్పి చదివి మరీ చెబుతారు.

ఎవరికైనా ధైర్యంగా ఇవ్వదగ్గది యోకాన్. అజుకి అనే ఎర్ర చిక్కుడు గింజల్ని ఉడికించి, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసే కాంతెన్ వేసి బిగించిన ముక్క అది. గుడ్డు లేదు, పాలు లేవు, జెలటిన్ లేదు. బూరెల పూర్ణం గట్టిపడితే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళు మొహం చిట్లించరు. తొరాయా వాళ్ళవి చిన్న చిన్న ముక్కలుగా దొరుకుతాయి, నెలల తరబడి నిలవ ఉంటాయి. తర్వాత చెప్పాల్సింది కొంపేయితో. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు జపాన్‌కి తెచ్చిన చక్కెర పలుకులు ఇవి, ఒంటి నిండా బుడిపెలతో నక్షత్రాల్లా ఉంటాయి. ఉత్త చక్కెరే కాబట్టి చెడిపోవు, ఎండకి కరగవు, సంచిలో చోటూ తినవు.

అన్నం మీద చల్లుకునే ఫురికాకె పొడుల్లో చాలావాటిలో చేప ఉంటుంది. ఎర్ర షిసో ఆకుతో చేసే యుకారి అనే ఊదా రంగు పొడి మాత్రం ఉప్పగా పుల్లగా ఉండి మన నాలుకకి ఇట్టే పడుతుంది. పెరుగన్నం మీద చల్లి చూడండి. దీనికీ లేబుల్ చూడాల్సిందే. షిచిమి అనే ఏడు దినుసుల కారం కూడా మంచిదే, కానీ గుంటూరు వాళ్ళింటికి పట్టుకెళ్ళి "ఇది జపాన్ కారం" అని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

టీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మాచ్చా (గ్రీన్ టీ ఆకు పొడి) మీద మోజు ఉన్న తమ్ముడో చెల్లో ఉంటే తప్ప మాచ్చా కొనకండి. చిన్న డబ్బాకే బోలెడు ధర, తెరిచాక తొందరగా రంగు, వాసన పోతుంది. దాని బదులు వేయించిన ఆకుతో చేసే హోజిచా కొనండి. చేదు తక్కువ, కెఫీన్ తక్కువ, అమ్మ అందులో పాలూ చక్కెరా పోసినా బాగుంటుంది. ఆవిడ పోయక మానదు కూడా.

గడువు తేదీ సంగతి. టోక్యో బనానా లాంటి మెత్తటి కేకులకి వారం రోజులే, అందులో గుడ్డూ ఉంటుంది. దైఫుకు లాంటి తాజా మోచీలు (బియ్యప్పిండి స్వీట్లు) ఒకటి రెండు రోజులే. ఇవి ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టులో కొంటేనే నయం. హొక్కైడో వాళ్ళ షిరోయి కొయిబితో బిస్కెట్లు చాలా రోజులు ఉంటాయి, అయితే మధ్యలో తెల్ల చాక్లెట్ ఉంది. సంక్రాంతికి వెళ్తే ఫర్వాలేదు. ఏప్రిల్ చివర గోల్డెన్ వీక్ సెలవుల్లో వెళ్తే మన దగ్గర నడి వేసవి. విజయవాడలో దిగి కారులో ఇంటికి చేరేసరికి చాక్లెట్ అనేది ఏదైనా ముద్దయిపోతుంది. అప్పుడు కరకరలాడే బియ్యప్పిండి సెన్‌బేలు, కొంపేయితో, యోకాన్లే దిక్కు.

4. మనిషిని బట్టి కొనండి

అమ్మకి: కత్తి కొనాలన్న కోరిక అందరికీ పుడుతుంది. టోక్యోలో ఉఎనోకీ అసకుసకీ మధ్య కప్పాబాషి వీధి మొత్తం వంటింటి సామాన్ల దుకాణాలే, కత్తుల వరస చూస్తే కాళ్ళు ఆగిపోతాయి. కానీ ఒకసారి మన వంటిల్లు తలుచుకోండి. అమ్మ ఇంకా కత్తిపీట ముందే కూర్చుంటుందా? కొబ్బరి చిప్ప కొట్టడానికి చేతికందిన కత్తే వాడుతుందా? జపాన్ కత్తి అంచు పలచన, గట్టి వస్తువు మీద కొడితే పెచ్చు లేస్తుంది. కార్బన్ స్టీలుదైతే తడి తుడవకుండా వదిలేసిన పూటే తుప్పు. సముద్రం పక్క ఊళ్ళలో మరీనూ. నిలబడి కత్తితోనే తరిగే అలవాటున్న వదినకో అక్కకో అయితే స్టెయిన్‌లెస్ సంతోకు అనే వంటింటి కత్తి కొనండి, మురిసిపోతుంది. అమ్మకి అదే వీధిలో దొరికే తొక్క తీసే పీలర్, అల్లం కోరుకునే చిన్న పళ్ళెం, మంచి కత్తెర నయం. ఇంకా ఆవిడకి గొడుగు కొనండి. అక్కడి ఆడవాళ్ళు ఎండాకాలమంతా పట్టుకు తిరిగే హిగాసా గొడుగులు లోపల నల్లటి పూతతో ఎండని బాగా ఆపుతాయి, మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పడతాయి. మే నెల కర్నూలు ఎండకి ఇంతకంటే పనికొచ్చే బహుమతి నాకు తెలీదు.

నాన్నకి: జోజిరుషి, టైగర్ వాళ్ళ స్టీలు ఫ్లాస్కులు. ప్లగ్గు గొడవ లేదు, పొద్దున పోసిన కాఫీ మధ్యాహ్నానికీ వేడిగా ఉంటుంది. కొనేటప్పుడే మూతలో ఉండే రబ్బరు వాషర్ ఒకటి అదనంగా తీసుకోండి. ముందు పాడయ్యేది అదే, ఇక్కడ అదే సైజు వెతకడం కష్టం. గోళ్ళు తీసుకునే కట్టర్ బహుమతేమిటని నవ్వకండి. గిఫు రాష్ట్రంలోని సేకి ఊరు ఒకప్పుడు యుద్ధ కత్తులకి, ఇప్పుడు ఇలాంటి పదును సామాన్లకి పేరు. అక్కడి కట్టర్‌తో గోరు తీస్తే చప్పుడు తక్కువ, అంచు గరుకు ఉండదు, తెగిన ముక్క ఎగిరి పడకుండా లోపలే ఆగుతుంది. ఒకసారి వాడినవాళ్ళు పాతది ముట్టుకోరు.

ఇద్దరికీ కలిపి ఇవ్వాలంటే ఎహిమె రాష్ట్రపు ఇమాబరి తువ్వాళ్ళు. ఎరుపు, నీలం, తెలుపు గుర్తున్న చీటీ కుట్టి ఉంటుంది. ఆ గుర్తు రావాలంటే నీళ్ళమీద వేసిన తువ్వాలు ముక్క 5 సెకన్లలోపు మునగాలని పరీక్ష. అంటే కొత్తదైనా మొదటి రోజే తడి పీలుస్తుంది, నాలుగు ఉతుకులు పడేదాకా ఆగక్కర్లేదు.

అమ్మమ్మకి, తాతయ్యకి: నొప్పుల పట్టీలు చాలామంది తెస్తారు, వాళ్ళూ ఇష్టపడతారు. ఒక జాగ్రత్త. సలోన్‌పాస్ లాంటి వాటిలో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్ళకీ, ఆస్పిరిన్ పడనివాళ్ళకీ డాక్టరుని అడగకుండా ఇవ్వకండి. పూజ చేసుకునేవాళ్ళకి అవాజి దీవిలోనో క్యోటోలోనో చేసిన అగరొత్తులు మంచివి. మధ్యలో వెదురు పుల్ల ఉండదు, పొగ తక్కువ. పుల్ల లేదు కాబట్టి మన అగరొత్తుల స్టాండులో నిలబడవు, చిన్న స్టాండు కూడా కొనండి. విరిగిపోకుండా గట్టి డబ్బాలోవే తీసుకోండి.

చదువుకునే పిల్లలకి స్టేషనరీని మించింది లేదు. రాస్తున్నకొద్దీ ముల్లు తిరిగి మొన ఒకవైపే అరగకుండా చూసుకునే కురు తోగా పెన్సిల్, మోనో రబ్బరు, కోకుయో క్యాంపస్ నోటు పుస్తకాలు. టోక్యో గింజాలోని ఇతోయా షాపు 1904 నుంచీ ఉంది, చూడ్డానికే వెళ్ళొచ్చు, కొనడానికి లాఫ్ట్, హ్యాండ్స్ షాపులు చాలు. చెరిపితే పోయే ఫ్రిక్షన్ పెన్ను ఇస్తే మాత్రం ఈ ముక్క చెప్పి ఇవ్వండి: దాని సిరా వేడికి మాయమవుతుంది. 60 డిగ్రీలు దాటితే చాలు. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద నోట్సు వదిలేస్తే తెల్ల కాగితాలే మిగులుతాయి. ఫ్రీజర్‌లో పెడితే అక్షరాలు మళ్ళీ తేలతాయి, అది వేరే సంగతి. పరీక్ష పేపర్లు, చెక్కులు దానితో రాయకూడదు. పోటీ పరీక్షలు రాసేవాళ్ళుంటే టోక్యోలోని యుషిమ తెన్‌జిన్ గుడిలో అమ్మే పెన్సిళ్ళు, తాయెత్తులు తీసుకోండి. చదువుల దేవుడిగా కొలిచే సుగవరా నో మిచిజానే గుడి అది, పరీక్షల సీజన్‌లో మొక్కుల చెక్కపలకలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి.

చిన్నపిల్లలకి తొమికా బుల్లి కార్లు, డోరేమాన్ బొమ్మలు. కొత్త 5 యెన్ల నాణేలు గుప్పెడు కూడా పట్టుకెళ్ళండి, మధ్యలో చిల్లున్న ఇత్తడి రంగు నాణెం చూసి పిల్లలు వదలరు.

ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంటే మీ పని సగం తేలికైనట్టే. జపాన్‌లోనూ మార్చి 3న ఆడపిల్లల పండక్కి మెట్లు కట్టి హినా బొమ్మలు పేరుస్తారు. ఆ సెట్లు భారీ ఖరీదు, వాటి జోలికి వెళ్ళొద్దు. తొహొకు ప్రాంతపు కొకేషి చెక్క బొమ్మలు తీసుకోండి. ఏటికొప్పాక బొమ్మల్లాగే వీటినీ చెక్కని యంత్రం మీద తిప్పి చేస్తారు, పక్కపక్కన పెడితే చూసినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఐజు ఊరి అకబెకో అనే ఎర్రావు తల ఊపుతుంది. తకాసాకి దరుమా గుండ్రంగా ఉంటుంది, కళ్ళు ఖాళీగా వదిలేస్తారు. మొక్కుకున్నప్పుడు ఒకటి, తీరాక రెండోది దిద్దాలి. ఆ బొమ్మ బౌద్ధ గురువు బోధిధర్ముడిది, ఆయన కంచి పల్లవ రాకుమారుడని ఒక నమ్మకం ఉందని చెబితే తాతయ్య ఇంకో గంట మాట్లాడతారు.

పింగాణీ గిన్నెల సెట్లు అయిదేసి ఉంటాయి. నాలుగు అంకె అక్కడ అశుభం. నూటపదహార్లు చదివించే మనకి ఈ పట్టింపు కొత్తేం కాదు.

5. పన్ను, కస్టమ్స్ చూసుకోండి

జపాన్‌లో అమ్మకం పన్ను 10 శాతం, తినే వస్తువుల మీద 8 శాతం. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళకి పన్ను లేకుండా కొనే వీలుంది, ఒకే షాపులో ఒకే రోజు పన్ను కాకుండా కనీసం 5,000 యెన్లు ఉండాలి. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. 2026 నవంబరు 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించాక ఆ డబ్బు వెనక్కి తీసుకోవాలి. అందుకని కొన్న వస్తువుల్ని సూట్‌కేసు అడుగున పూడ్చేయకండి. అక్కడే ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఈ సదుపాయం లేదు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి ఉంది, అయితే వాళ్ళ పాస్‌పోర్టు మీద వాళ్ళే కొనుక్కోవాలి, తమ వెంటే తీసుకెళ్ళాలి.

మన వైపు కస్టమ్స్‌లో సుంకం లేకుండా ఎంత విలువ తెచ్చుకోవచ్చో మారుతూ ఉంటుంది, బయల్దేరే వారం ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూడండి. గడియారం, కెమెరా లాంటి ఖరీదైనవాటి బిల్లులు దగ్గర పెట్టుకోండి.

6. సర్దుకోవడం

కత్తి, కత్తెర లగేజీలో. పవర్ బ్యాంకు చేతి సంచిలో. సన్‌స్క్రీన్, లోషన్లు 100 మిల్లీలీటర్లు దాటితే లగేజీలో. పింగాణీని తువ్వాళ్ళలో చుట్టండి, ఎలాగూ రెండూ కొన్నారు. మూట కట్టే ఫురోషికి గుడ్డలు నాలుగు కొంటే బహుమతులు చుట్టడానికి కాగితం అక్కర్లేదు, ఆ గుడ్డ కూడా బహుమతే.

ఢిల్లీలో దిగి హైదరాబాదుకో వైజాగుకో వేరే టికెట్ మీద వెళ్తున్నవాళ్ళు బరువు లెక్క రెండోసారి వేసుకోవాలి. అంతర్జాతీయ టికెట్ మీద ఇచ్చినంత బరువు దేశీయ విమానంలో ఇవ్వరు, అక్కడ సాధారణంగా 15 కిలోలే. ఒకే టికెట్ అయినా ఢిల్లీలో సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ వేయాల్సి రావొచ్చు, టికెట్ ఇచ్చేటప్పుడే అడగండి.

అన్నీ సర్దే ముందు ధర చీటీలు తీసేయండి. యెన్లలో ఉన్నా సరే, బాబాయి ఫోన్ తీసి అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చేస్తాడు. వాడకం జపనీస్‌లో మాత్రమే ఉన్న వస్తువుల మీద తెలుగులో రెండు ముక్కలు రాసి అంటించండి: ఇది కళ్ళ మీద పెట్టుకునేది, ఇది తినేది కాదు, పట్టీ ఎనిమిది గంటలు దాటి ఉంచొద్దు, టీ పొడి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎవరి పేరూ రాయని డబ్బాలు రెండు సూట్‌కేసులో పైనే ఉంచుకోండి, ఇల్లు చేరిన రెండో రోజే కావాల్సి వస్తాయి.